వర్ణలేపనం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఇల్లు కట్టేవాడు పిల్లర్ల దగ్గర ఇంజనీరు మాట వింటాడు, వైరింగు దగ్గర ఎలక్ట్రీషియను మాట వింటాడు. రంగుల దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ప్రతివారూ పండితులే. అత్తగారు గంధం రంగు అంటారు, అబ్బాయి నీలం అంటాడు, ఆవిడ మాత్రం పక్కింటివాళ్లు వేయించనిది ఏదైనా సరే అంటుంది. షేడ్ కార్డు చేతులు మారి మారి నలిగాక, ఎవరూ కోరని ఆఫ్ వైటు ఖాయమవుతుంది. ఇంత వాదంలోనూ గోడ సంగతి ఎవరూ ఎత్తరు. ఆ లోటు తీర్చడానికే ఈ పద్యం. ఇంతటి విషయం మీద మన ప్రబంధకవులు నోరు మెదపలేదు కాబట్టి, మూలం కూడా వ్యాఖ్యాతే రాసుకోవలసి వచ్చింది. రసగంగాధరంలో ఉదాహరణ శ్లోకాలు జగన్నాథ పండితరాయలు తానే రాసుకున్నాడు. కనుక ఇందులో సంప్రదాయవిరోధం లేదు.

మూలం

ఆ. గోడకున్న చెమ్మ గుర్తింపలేనట్టి
వాని రంగుపూత వానపాలు;
పుట్టి లేక మెరుపు పుట్టునే గోడపై?
లీటరెంత యనుట లెక్క కాదు.

ప్రతిపదార్థం

గోడకున్న = గోడను ఆశ్రయించియున్న; చెమ్మ = శ్లాబు నుండి దిగినదో, పునాది నుండి ఎక్కినదో, పక్కనున్న బాత్రూము నుండి పాకినదో అయిన తడిని; గుర్తింపలేనట్టి వాని = కనిపెట్టజాలని గృహస్థుని యొక్క (కనిపెట్టి, దానిమీద క్యాలెండరు తగిలించినవాడును ఇందు చేరును); రంగుపూత = ఎంత ఖరీదు డబ్బాలోనిదైనను ఆ లేపనము; వానపాలు = వానాకాలము రాగానే పెచ్చులై రాలును; పుట్టి లేక = లప్పము పెట్టకుండ; గోడపై = గోడ మీద; మెరుపు = నునుపును, నిగారింపును; పుట్టునే = కలుగునా? కలుగవనుట; లీటరెంత యనుట = కొట్లో నిలబడి "లీటరు ఎంతండీ?" అని అడుగుట; లెక్క కాదు = లెక్క అనిపించుకొనదు.

తాత్పర్యం

మంచి రంగు కొనడమంటే మంచి డబ్బా కొనడం కాదు. ముందు గోడ ఆరోగ్యం చూడాలి, తర్వాత దాన్ని సిద్ధం చేయాలి, ఆ తర్వాత చదరపు అడుగుకు ఎంత పడుతుందో లెక్క కట్టాలి. మనం ఈ మూడూ వదిలేసి, నాలుగోదైన వర్ణం దగ్గర మొదలుపెడతాం.

విశేషాలు

ఒకటి. చెమ్మను మొదటి పాదంలో నిలపడం. ఇది కవి చమత్కారం కాదు, శాస్త్రక్రమం. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలు తడిలో కరిగి గోడ ముఖానికి వస్తాయి. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగులుతుంది. దీన్నే మనవాళ్లు గోడ ఉప్పు కక్కిందంటారు. పైన వేసిన రంగు పొర ఎంత దిట్టమైనదైనా, లోపలి నుంచి తోసుకొచ్చే తడికి పొంగి, బుడగలై, పెచ్చులూడుతుంది. పైన ఇంకో కోటు వేయిస్తే రోగం పోదు, కనపడకుండా కొన్నాళ్లు ఉంటుంది. ముందు శ్లాబు పగుళ్లు పూడ్చాలి, కారే పైపు మార్చాలి, గోడ ఆరాలి. అప్పుడు బ్రష్షు పట్టాలి.

చెమ్మ ఉందో లేదో తెలియకపోతే పరీక్ష సులభం. అడుగున్నర ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో బిగించి ఒక రోజు వదిలేయండి. కాగితం లోపలివైపు నీటి చుక్కలు పడితే తడి గోడది. బయటివైపు పడితే గదిలోని గాలిది. ఈ పరీక్షకు ఖర్చు లేదు. అందుకే దీన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ చెప్పరు.

ఇక్కడ ముహూర్తం ఒక చిక్కు తెస్తుంది. ఆషాఢంలో గృహప్రవేశాలు లేవు, శ్రావణంలో ఉన్నాయి. శ్రావణంలో పాలు పొంగించాలంటే రంగులు ఆషాఢంలో పడాలి. ఆషాఢమంటే వానలు. అంటే, ఏ నెల గోడ ఆరనే ఆరదో సరిగ్గా ఆ నెలలోనే ఊరంతా రంగులు వేయిస్తుంది. పైగా కొత్త ప్లాస్టరింగు కనీసం 28 రోజులు ఆగాలి. అప్పటిదాకా దానిలో తడీ క్షారమూ రెండూ ఎక్కువే, అవి రంగును వెలవెలబోయేలా చేస్తాయి. పంతులుగారు తిథి, వారం, నక్షత్రం అన్నీ చూస్తారు గానీ ప్లాస్టరింగు తేదీ అడగరు. అది మనమే చూసుకోవాలి.

ఇందుకు ప్రాచీన ప్రమాణం కూడా ఉంది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం గోడను సిద్ధం చేసే విధానాన్ని ఇటుకపొడి మొదలుకొని వివరంగా చెప్పింది. దేవతల బొమ్మలు గీయబోయేవాడికే అంత నియమం ఉంటే, హాల్లో టీవీ వెనక గోడకు రంగు వేయించేవాడికి ఎంత ఉండాలి?

రెండు. "పుట్టి" అని హ్రస్వం చేయడం ఛందస్సు కోసం. వాడుకలో పుట్టీ, తెలంగాణలో ఎక్కువగా లప్పం. ఇది ఇరవై తూముల పుట్టి అని భ్రమించి ధాన్యం కొలవరాదు. తెల్ల సిమెంటు పుట్టీని రెండు పలచని పూతలుగా పెట్టి, ఆరాక ఎమరీ పేపరుతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమరు వేయాలి. ప్రైమరును కవి నోట చెప్పలేదేమంటే, "మెరుపు పుట్టునే" అన్నప్పుడే అదీ సూచితం. పైపూతను గోడ ఎక్కడికక్కడ ఒకేలా పీల్చుకునేలా చేసేది అదే. ప్రైమరు మానేస్తే గోడ ఖరీదైన ఎమల్షనును తాగేస్తుంది, ఆ తాగుడు బిల్లు మనకే వస్తుంది. అయితే పుట్టీ దట్టంగా పెడితే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. మందం ఎక్కువైన కొద్దీ బీటలు వారుతుంది. వంకర గోడను సరిచేయడం తాపీమేస్త్రి పని, లప్పం పని కాదు.

మూడు. "లీటరెంత యనుట లెక్క కాదు." పద్యానికి ప్రాణం ఈ పాదం. రంగులో నాలుగు పదార్థాలుంటాయి: వర్ణాన్నిచ్చే పొడి, దాన్ని గోడకు పట్టి ఉంచే జిగురు, పలచబరిచే ద్రవం, కాసిని మందులు. ఎమల్షనులో ఆ ద్రవం నీరే. నీరు ఆవిరయ్యాక ఆక్రిలిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. కప్పే శక్తి టైటానియం డయాక్సైడుది. అది ఖరీదు. దాన్ని తగ్గించి సుద్దపొడి పెంచితే డబ్బా చవకవుతుంది. సుద్ద ఎక్కువైన రంగు ఎండినప్పుడు బాగానే కప్పినట్టుంటుంది. తడిగుడ్డ తగలగానే అడుగు గోడ బయటపడుతుంది. జిగురు తక్కువైతే గోడకు ఆనుకున్న అల్లుడిగారి చొక్కాకు పొడి అంటుతుంది. డిస్టెంపరు గోడల ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ అనుభవం కొత్త కాదు.

లెక్క ఇలా కట్టాలి. పన్నెండు పదుల గది, ఎత్తు పది అడుగులు. నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు, తలుపూ కిటికీ తీసేస్తే సుమారు 400. ఒక రంగు లీటరు 200 రూపాయలు, రెండు కోట్లకు లీటరు 50 చదరపు అడుగులకు వస్తుందనుకుందాం. ఎనిమిది లీటర్లు, 1,600 రూపాయలు. ఇంకోటి లీటరు 400, కానీ 120 చదరపు అడుగులకు వస్తుందనుకుందాం. మూడున్నర లీటర్ల లోపే సరి, సుమారు 1,333 రూపాయలు. రెట్టింపు ధర రంగే చవక పడింది. అలాగని ఖరీదైనదల్లా మంచిదని సిద్ధాంతం చేయరాదు. డబ్బా మీద రాసిన చదరపు అడుగుల అంకె చదవకుండా రెండు ధరలు పోల్చరాదన్నదే సిద్ధాంతం. ఆ అంకె కూడా నునుపైన గోడకు వర్తిస్తుంది, గరుకు గోడకు తగ్గించి చదువుకోవాలి.

పాఠాంతరం

పెయింటర్ల ప్రతిలో నాలుగో పాదం "నీటి వంతు పెంచ నేర్పు గలదు" అని కనిపిస్తుంది. యతి చక్కగా కుదిరింది, రంగు మాత్రం కుదరదు. నీరు ఎంత కలపాలో డబ్బా మీదే ఉంటుంది. అంతకు మించితే పొర పలచనై, రెండు కోట్లతో కప్పవలసినది మూడో కోటు అడుగుతుంది. కాబట్టి ఈ పాఠం అగ్రాహ్యం. కలిపేటప్పుడు ఇంటి యజమాని టీ ఇచ్చే నెపంతో అక్కడే నిలబడితే మూలపాఠం నిలుస్తుంది.

పూర్వపక్షం

"రంగుల గురించి పద్యం చెప్పి, ఒక్క రంగు పేరైనా చెప్పలేదేం? ఇది న్యూనతాదోషం కదా?" అని ఆక్షేపం.

సమాధానం. పేరు చెప్పకపోవడం గుణమే. షేడ్ కార్డు మీద అంగుళం ముక్క ఒకటి, నాలుగు గోడల మీద అదే రంగు మరొకటి. గోడలు ఒకదాని రంగును ఇంకోదాని మీదికి విసురుకుని ముదురుతాయి. పగటి వెలుగులో లేతగా ఉన్నది రాత్రి పసుపు లైటు కింద ఇంకోలా మారుతుంది. కాబట్టి చిన్న డబ్బా తెచ్చి, రెండు గోడల మీద రెండేసి అడుగుల మేర పూసి, ఉదయమూ రాత్రీ చూసి తేల్చుకోవడమే మార్గం. కార్డు చూసి తేల్చేది సగం ఊహే.

అయినా శాస్త్రమే కావాలంటే భరతుడు నాట్యశాస్త్రంలో రసాలకు రంగులు చెప్పాడు: శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు కపోతవర్ణం, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. ఈ లెక్కన ఇప్పుడు అపార్టుమెంట్ల హాళ్లలో నడుస్తున్న బూడిద రంగు పావురాల రంగే, అంటే కరుణరసం. చుట్టాలు వచ్చి కూర్చోగానే ఈఎంఐల ప్రస్తావన ఎందుకొస్తుందో దీనితో తెలుస్తుంది. నీలం బెడ్రూము గురించి భరతుడి అభిప్రాయం దంపతులకు చెప్పకపోవడం మంచిది.

మెరుపు విషయంలోనూ ఔచిత్యం ఉంది. మ్యాటు గోడ ఎగుడుదిగుళ్లను దాచుతుంది, మరకను దాచదు. నిగనిగలాడే రంగు మరకను తుడవనిస్తుంది, తాపీమేస్త్రి చేసిన ప్రతి తప్పునూ దీపం వేసి చూపిస్తుంది. సీలింగుకు మ్యాటు, వంటింటికీ పిల్లలు క్రేయాన్లతో తిరిగే గదులకూ కడగదగిన రంగు ఉచితం.

అనుక్తం

కవి చెప్పకపోయినా వ్యాఖ్యాత చెప్పితీరవలసింది సీసం సంగతి. 2016లో కేంద్రం చేసిన నియమాల ప్రకారం ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు మించరాదు. 2017 నవంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూడాలి. పాత ఇళ్లలో తలుపుల మీది పాత ఆయిలు పెయింటును పొడిగా గీకితే లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. తడిపి రుద్దాలి, పిల్లలను ఆ పూట అమ్మమ్మ గారింటికి పంపాలి. వాసన ఘాటుగా ఉంటే మంచి రంగని కొందరి నమ్మకం. ఆ ఘాటు గాలిలో కలిసే రసాయనాలది, నాణ్యతది కాదు.

అలంకారం

"పుట్టి", "పుట్టునే" అన్నచోట యమకచ్ఛాయ. "పుట్టునే" అన్న కాకువు వల్ల నిషేధం వ్యంగ్యం. "వానపాలు" అన్నది అతిశయోక్తి అని కొందరు. రెండు వానాకాలాలు చూసినవారు స్వభావోక్తి అంటారు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని కొట్టుకు పోకముందు చదివినవాడికి డబ్బు మిగులును. డబ్బా కొన్నాక చదివినవాడికి జ్ఞానం మిగులును. పెయింటరుకు వినిపించినవాడికి కూలి రేటు పెరుగును. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి వినిపించినవాడికి మాత్రం ఆఫ్ వైటే ప్రాప్తించును.

ఇది గోడకాండం. కిటికీ గ్రిల్లుల ఎనామిలు తరువాతి ఆశ్వాసంలో.