చేతిరాత పోయె, తలరాత మిగిలె

వైద్యుడు కాగితంపై రాసే మందుల చీటీకి బదులు కంప్యూటర్లో టైపు చేసి రోగి ఫోనుకు పంపే చీటీని ఈ-ప్రిస్క్రిప్షన్ అంటారు. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన సవరించినా, ఆ రాత మందుల దుకాణం కుర్రవాడికి తప్ప చదువుల తల్లికైనా అంతుపట్టలేదు; చివరకు చదవగలిగే చీటీ పొందడం జీవించే హక్కులో భాగమని పంజాబ్-హర్యానా హైకోర్టు 2025లో చెప్పవలసి వచ్చింది.

కోడి గెలికిన గీతలు పోయి అచ్చు అక్షరాలు వచ్చాయని రోగులు సంతోషించేలోపే అవి ఇంగ్లీషువని తెలిసిపోతున్నది. ‘1-0-1’ అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని అర్థం కాగా, దానిని నూటొక్క మాత్రలుగా చదువుకున్న పెద్దమనిషిని తప్పుపట్టడానికి లేదు. ఈ చీటీలతో సహా ఆరోగ్య రికార్డులన్నిటినీ ఒకచోట చేర్చే 14 అంకెల గుర్తింపు సంఖ్య ‘ఆభా’ను ఆధార్‌తో తెరవాలంటే ఓటీపీ కావాలి; అది ఆధార్‌కు జతచేసిన ఫోనుకు, అంటే బెంగళూరులోని కొడుకు ఫోనుకు పోతుంది, ఆ వేళకు ఆయన మీటింగులో ఉంటాడు. ఒకప్పుడు నాలుక చాపమని ముఖం చూసిన వైద్యుడు ఇప్పుడు కీబోర్డుకేసే చూస్తుంటే, జ్వరం తనకా కంప్యూటరుకా అన్న సందేహం రోగికి కలగడం సహజమే. ఇన్నీ దాటి దుకాణం చేరితే, అక్కడి కుర్రవాడు ఫోను వంక చూడనైనా చూడకుండా, పక్కనున్న జిరాక్సు షాపు చూపించి కాగితం మీద తీయించుకు రమ్మంటాడు.