పిలిస్తే పలకని కరెంటు

స్థిర విద్యుత్తుకి మొహమాటం లేదు, మర్యాద అసలే లేదు. రమ్మని బతిమాలితే రాదు. వద్దన్నచోట మాత్రం చొక్కా పట్టుకుని వదలదు. ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుని బతికే నాలాంటి వాళ్లకి దాంతో తీరని వైరం.

సముద్రం పక్క ఊళ్లో, శ్రావణ మాసంలో, స్వర్ణపత్ర విద్యుద్దర్శిని పాఠం చెప్పి చూడండి తెలుస్తుంది. గాజు కడ్డీని పట్టుగుడ్డతో రెక్కలు నొప్పి పుట్టేదాకా రుద్దుతాను. బంగారు రేకులు విచ్చుకోవాలి. కాస్త కదిలి, "ఎందుకు లెండి మాస్టారూ మీకీ శ్రమ" అన్నట్టు మళ్లీ దగ్గరికి చేరిపోతాయి. గాలిలోని తేమ గాజు మీద కంటికి కనపడని నీటి పొరలా పేరుకుంటుంది, దాని మీదుగా ఆవేశం జారుకుంటుంది. ఈ సంగతి నేను వివరిస్తుంటే పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటారు. చివరికి మా అటెండరు కడ్డీని బల్బు దగ్గర కాసేపు వెచ్చబెట్టి తెస్తాడు. రేకులు ఠక్కున విచ్చుకుంటాయి. చప్పట్లు ఆయనకి.

అదే జనవరిలో, హైదరాబాదులో, ఏసీ గదిలో, మిల్లీగ్రాములో పదోవంతు తూచే డిజిటల్ త్రాసు దగ్గరైతే పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. ప్లాస్టిక్ పళ్లెంలో పొడి వేస్తే అంకె నిలవదు. పైకి పాకుతుంది, ఆగినట్టే ఆగి దిగుతుంది. పొడి చెంచా మీంచి ఎగిరి గాజు తలుపుకి అతుక్కుంటుంది. రీసెర్చి చేసే అమ్మాయి నైలాన్ చున్నీ సర్దుకుంటూ దగ్గరికొస్తే ఒక బరువు, దూరం జరిగితే ఇంకో బరువు. పళ్లేనికీ గాజు తలుపులకీ మధ్య నడిచే లాగుడుని కూడా త్రాసు బరువు కిందే రాసుకుంటుంది. లాగింది భూమా, ప్లాస్టిక్కా అని అది ఆరా తియ్యదు.

"దిష్టి తగిలిందండీ" అని అక్కడి అటెండరు బల్లకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. అంకె ఆగలేదు. నేను గదిలో తడి తువ్వాలు ఆరేసి, ప్లాస్టిక్ తీసేసి అల్యూమినియం పళ్లెం పెట్టాను. ఆగింది. ఇప్పటికీ ఎవరొచ్చినా ఆయన చూపించేది నిమ్మకాయనే.

పెద్దవాళ్ల తిప్పల ముందు మావి ఏపాటి! భూమి తిరుగుతూ చుట్టూ ఉన్న స్థలకాలాన్ని కూడా కాస్త ఈడ్చుకుపోతుందని సాపేక్ష సిద్ధాంతం అంటుంది. అది కొలవడానికి నాసా, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి 2004లో గ్రావిటీ ప్రోబ్ బి ఉపగ్రహాన్ని పంపాయి. అందులో గిర్రున తిరిగే, పింగ్‌పాంగ్ బంతులంత క్వార్ట్జ్ గోళాలు నాలుగు, వాటికి నయోబియం పూత, చల్లగా ఉంచడానికి ద్రవ హీలియం. ఆ గోళాన్ని భూమంత పెంచినా దాని మీద మూడు మీటర్ల గుట్ట కూడా ఉండదు, అంత గుండ్రన. తీరా చూస్తే పూత మీద అక్కడక్కడా విద్యుత్ మచ్చలు! గోళం మీది మచ్చలూ, గూడు గోడల మీది మచ్చలూ ఒకదాన్నొకటి లాక్కుని గోళాల తిరుగుడునే పక్కదారి పట్టించాయి. కొలతలకి దాదాపు ఏడాది చాలింది. మచ్చల లెక్క తేల్చేసరికి 2011 వచ్చింది. స్థలకాలపు ఈడ్పుని ఒక శాతం తేడాలో పట్టుకుందామనుకున్నవాళ్లు 19 శాతంతో సరిపెట్టుకున్నారు.

2015లో యూరప్ వాళ్లు పంపిన లీసా పాత్‌ఫైండర్ అనే వ్యోమనౌకలో, విశ్వకిరణాల వల్ల బంగారం, ప్లాటినం కలిపిన దిమ్మల మీద చేరే ఆవేశాన్ని పోగొట్టడానికి అతినీలలోహిత దీపాలు పెట్టారు. అక్కడ తడి తువ్వాలు ఆరేసే వీలు లేదు మరి.

ప్రాక్టికల్స్‌కి వెళ్లే పిల్లలకి ఒక్క మాట. తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమని మనకి తెలియాలంటేనే సుమారు 3,000 వోల్టులుండాలి. అంతకంటే తక్కువైతే మీకు తెలియదు, త్రాసుకి తెలుస్తుంది. నూలు బట్టలు కట్టుకెళ్లండి. త్రాసు దగ్గర కూర్చునేముందు ఇనుప కుళాయిని ఓసారి తాకండి. అంకె నిలవడం లేదని పక్కవాడి రీడింగులు మాత్రం ఎక్కించుకోకండి. వాడి చొక్కా కూడా పాలిస్టరే.