పాస్‌పోర్టుకు హ్యాపీ బర్త్‌డే!

పుంగనూరు, మదనపల్లె పక్క పల్లెల నుంచి కువైట్‌కు పోయినోళ్ల పాస్‌పోర్టులు తిరగేస్తే జులై 1న పుట్టినోళ్లకు కొదవుండదు. ఆ రోజు మన ఊళ్లలో కాన్పులేమీ పోటెత్తలేదు. బళ్లో చేర్చేటప్పుడు వయసు సరిపోయేలా అయ్యవారు లెక్కేసి రాసిన తేదీ అది. ఇక వయసు సంగతికొస్తే, పదో తరగతి గట్టెక్కని ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ పోవాలంటే 30 ఏళ్లు నిండాలన్నది మన సర్కారు నిబంధన. ఏజెంటు చేతి చలవ వల్ల కొందరికి అవి రాత్రికి రాత్రే నిండుతాయి. కాబట్టి జులై 1న కువైట్‌లో తోటి పనోళ్లు కోయించే కేకు మనిషిది కాదు, పాస్‌పోర్టుది.

‘తేదీ ఏదైతేనేం, ఊళ్లో ఉన్నప్పుడు వాళ్లకు కేకు కోసిందెవరు?’ అంటారా? నిజమే. గదిలో తలా కొంత వేసుకుని చేసుకునే ఆ సంబరాన్ని తప్పుపట్టే నోరు మనకు లేదు. చిక్కల్లా పుట్టినరోజు పెళ్లికొడుకు ఆచూకీతోనే. ఇంటి పనివాళ్ల పాస్‌పోర్టును వాళ్ల ఒప్పుదల లేకుండా యజమాని దగ్గర పెట్టుకోకూడదని కువైట్ 2015లోనే 68వ నంబరు చట్టం చేసింది. అయినా ఎన్నో పాస్‌పోర్టులు ఇప్పటికీ కఫీల్ (యజమాని) బీరువాలోనే కాపురం. దొరా, ఈ జులై 1న కొవ్వొత్తి ఊదడానికైనా దాన్ని బయటికి పంపండి!