లోటు ఉన్నచోటే నాకు పని

నేను విటమిన్ బి12 బిళ్ళను. ముసలితనంలో మెదడు చురుగ్గా ఉండాలని, మతిమరుపు దరి చేరకూడదని నన్ను కొనేవాళ్ళు చాలామంది. ఆ పేరుతో నన్ను అమ్మడం నాకు సమ్మతం కాదు. ఒంట్లో నా కొరత ఉంటే నరాలు దెబ్బతినకుండా కాపాడగలను, కొరత వల్లే మందగించిన బుద్ధిని వేళకు అందితే చాలావరకు తేరుకునేలా చేయగలను. కొరతే లేని మెదడుకు కొత్తగా పదును పెట్టే శక్తి మాత్రం నాకు లేదు. ఈ తేడా తెలియకపోవడం వల్ల అక్కర్లేని ఇళ్ళలో డబ్బాలకొద్దీ మూలుగుతున్నాను. నా అవసరం నిజంగా ఉన్న పెద్దవాళ్ళేమో నా మొహం చూడకుండానే తిమ్మిర్లతో, మరపుతో కుంగిపోతున్నారు.

నా పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. నన్ను ఏ చెట్టూ, ఏ జంతువూ తయారు చేయలేదు. అది సూక్ష్మజీవులకే చేతనైన పని. నా నడుమ ఒక కోబాల్ట్ పరమాణువు ఉంటుంది, నా స్ఫటికాలు ఎర్రగా ఉంటాయి. నాకు గర్వమల్లా నా పాత పని గురించే. ఒకప్పుడు ప్రాణాలు తీసిన ఒక రక్తహీనతకు కార్జం తినిపిస్తే రోగులు బతుకుతున్నారని 1926లో మైనాట్, మర్ఫీ చూపించారు. 1934లో వాళ్ళకూ, మరో పరిశోధకుడు విపుల్‌కూ కలిపి నోబెల్ వచ్చింది. ఆ కార్జంలో పనిచేసింది నేనేనని 1948లో నన్ను విడదీశాక గాని తెలియలేదు. ఈ నడుమ, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. ఎందరికో మేలు చేసిన మందు అది. అయితే నా కొరత ఉన్నవాళ్ళకు దాన్నొక్కదాన్నే ఇచ్చినప్పుడు రక్తం కోలుకుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే పోయాయి. రక్తం బాగుంది కదా, ఇక లోటేమీ లేదనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

‘పాలు, పెరుగు, వారానికోసారి చేపలు తింటూనే ఉన్నాం, మాకెందుకు లోటు?’ అని అడుగుతారు. తినడం వేరు, ఒంటబట్టడం వేరు. ఆహారంలో నేను మాంసకృత్తులను అంటిపెట్టుకుని ఉంటాను. అక్కణ్ణుంచి విడిపించడానికి కడుపులో ఆమ్లం కావాలి. వయసు మీరినకొద్దీ చాలామందికి ఆ ఆమ్లం తగ్గుతుంది. గ్యాస్ బిళ్ళ అంటూ ఏళ్ళ తరబడి పరగడుపున పాంటోప్రజోల్ లాంటివి వేసుకునేవాళ్ళకు మరీ తగ్గుతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా నన్ను పేగుల్లో సరిగా అందనివ్వదు. అందుకే, పాదాలు తిమ్మిరెక్కితే షుగరు వల్లేనని తేల్చేసే ముందు నా గురించి కూడా ఆలోచించాలి. డాక్టరు శ్రుతిదండాన్ని మోగించి కాలి బొటనవేలి ఎముక మీద ఆనిస్తారు. నరాలు దెబ్బతిన్న మనిషికి ఆ అదురు తెలియదు. దూది మీద నడుస్తున్నట్టుందనీ, చెప్పు జారిపోయినా తెలియడం లేదనీ వాళ్ళే చెబుతారు. బిళ్ళలో నేను విడిగానే ఉంటాను కాబట్టి ఆమ్లం తగ్గిన కడుపులోనూ ఒంటబడతాను. నన్ను పేగు నుంచి ఒంట్లోకి చేర్చే ప్రోటీనే కరువైనవాళ్ళకు సూదిమందు ఇస్తారు, లేదా బిళ్ళనే పెద్ద మోతాదులో ఇస్తారు.

నా పక్షాన వాదించేవాళ్ళు ఆక్స్‌ఫర్డ్ పరిశోధనను చూపిస్తారు. 2010లో వెలువడిన ఆ ఫలితం నిజమైనదే: మరపు మొదలైన డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళకు రెండేళ్ళపాటు నన్నూ, ఫోలిక్ ఆమ్లాన్నీ, బి6నూ కలిపి ఇస్తే మెదడు కుంచించుకుపోయే వేగం తగ్గింది. అయితే ఆ మేలు ప్రధానంగా రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎక్కువగా ఉన్నవాళ్ళలోనే కనిపించింది. మా విటమిన్ల మీద జరిగిన 11 పరిశోధనలను, అంటే దాదాపు 22 వేల మంది వివరాలను, కలిపి చూస్తే వయసుతో వచ్చే బుద్ధి మందగింపును మేము ఆపినట్టు తేలలేదని 2014లో ప్రకటించారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు సబబుగా తోచేది ఒకటే: లోటును వెతికి పట్టుకోవాలి, అది ఉన్నవాళ్ళకే నన్నివ్వాలి. ‘ఎక్కువైతే మూత్రంలో పోతుంది, వేసుకుంటే నష్టమేముంది?’ అనేది మరో మాట. నావల్ల విషం పుట్టదన్నది నిజమే. కానీ ముందే నన్ను మింగేసి ఆ తర్వాత రక్తపరీక్ష చేయిస్తే, మొదట లోటు ఉందో లేదో తేల్చడం కష్టమవుతుంది. పైగా మరపుకు థైరాయిడ్ కారణం కావచ్చు, దిగులు జబ్బు కావచ్చు, అల్జీమర్స్ కూడా కావచ్చు. బలం బిళ్ళ వేస్తున్నాం కదా అన్న ధీమాతో వాటిని వెతకడం మానేస్తే నష్టం నా ఖరీదుతో పోదు.

ఇంతకన్నా నన్ను బాధించేది, నిజంగా కావలసినవాళ్ళు కూడా నన్ను నడిమధ్యలో వదిలేయడం. పది బిళ్ళల అట్టను కత్తెరతో కోయించి అయిదే తీసుకుంటారు. కోతలో నా పేరూ, గడువు తేదీ చెరో ముక్కకూ పోతాయి. తిమ్మిర్లు కాస్త తగ్గగానే ఆ ముక్కను పాత చీటీల కింద, ఎవరిదో తెలియని కళ్ళ చుక్కల సీసా పక్కన, సొరుగులో పడేస్తారు. మెట్‌ఫార్మిన్ మాత్రం రోజూ నడుస్తూనే ఉంటుంది, గ్యాస్ బిళ్ళా ఆగదు. నన్ను మానేసిన మర్నాడే ఏ తేడా కనిపించదు, ఎందుకంటే కాలేయం నన్ను దాచుకుని నెలలు, ఒక్కోసారి ఏళ్ళు నెట్టుకొస్తుంది. అందుకే నా అవసరం తీరిపోయిందనుకుంటారు. ఎప్పుడో సొరుగు సర్దినప్పుడు నన్ను చెత్తబుట్టలో వేస్తారు. కూడబెట్టిన నిల్వ కూడా కరిగిపోయాక అడుగు మళ్ళీ తడబడుతుంది, పేర్లు గుర్తుకు రావు. ఈసారి దాన్ని వయసు ఖాతాలో రాసేసి పరీక్ష కూడా చేయించరు. ఆలస్యమైనకొద్దీ, చివరికి నన్ను తెచ్చి ఇచ్చినా, ఆ నరాలను పూర్తిగా బాగుచేయడం నావల్ల కాదు.