ట్రంకు పెట్టెలో అద్దం బిళ్ళ

నేను ఫేటియాకు కుట్టిన అద్దం బిళ్ళను. ఫేటియా అంటే లంబాడా ఆడవాళ్ల లంగా. నిజామాబాద్ జిల్లాలో ఒక తండా తల్లి, బిడ్డ పెళ్లికని ఎర్రగుడ్డ మీద నన్ను పెట్టి చుట్టూ దారం బిగించింది. నాకిప్పుడు అరవై దాటాయి.

అప్పగింతలనాడు ఆ పెళ్లికూతురు ఎద్దు మీద నిలబడి ఏడుస్తూ హవేలి అనే వీడ్కోలు పాట పాడింది. ఎద్దే ఎందుకంటే, ఉప్పూ ధాన్యమూ ఎద్దుల మీద వేసుకుని దక్కనంతా తిరిగిన జాతి మాది. ఆ బేరాన్ని లదేణి అనేవారు. రైళ్లొచ్చాక అది పోయింది, కూలి మిగిలింది. మావాళ్లు తమను గోర్ అనుకుంటారు, బయటివాళ్లను కోర్ అంటారు. మా మాట గోర్ బోలి.

చలికాలం చెరకు కోతకు బోధన్ వైపు పోయేవాళ్లం. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ తిరిగే రోజులు. చెరకు ఆకులు గీరుకుని నా మీద పడిన గీతలు ఇంకా ఉన్నాయి. రైతుతో తెలుగు, కూలీల మేస్త్రీ ముకద్దంతో మరాఠీ, కాంటా దగ్గర ఉర్దూ. పొద్దుగూకి గుడిసె ముందు పొయ్యి వెలిగాక, ‘యాడీ, బాటి!’ అనేది ఆ పెళ్లికూతురికి పుట్టిన పిల్ల. అమ్మా, రొట్టె అని.

2015లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ పిల్ల ఇప్పుడు అమ్మమ్మ. నిజామాబాద్‌లో ఇంగ్లిష్ మీడియం చదివే మనుమరాలిని గోర్‌లో పలకరిస్తే తెలుగులో జవాబొస్తుంది. “అట్ల మాట్లాడితే బడిల నవ్వుతరు, అమ్మమ్మా!”

2011 జనాభా లెక్కల్లో లంబాడీ, అంటే మా గోర్ బోలి, తమ మాతృభాష అన్నవాళ్లు 32 లక్షలకు పైనే. ఆ లెక్కను హిందీ ఖాతాలో కలిపారు. సొంత లిపి లేదు, ఎనిమిదో షెడ్యూలులో చోటూ లేదు. అంతమంది ఉండగా భాషకేం భయమంటారు. ఫేటియాలు మాత్రం లేవా? ఉన్నాయి, ట్రంకు పెట్టెల్లో.

మొన్న తీజ్ పండక్కి మనుమరాలు నన్ను కట్టుకుంది. గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడుతుంటే ఎదురుగా ఉన్న అమ్మాయిల ముఖాలు నాలో కనబడ్డాయి. పాటకు పెదాలు కదుపుతున్నారు, మాటలు రావడం లేదు.

లిపి లేదని ఆగకండి, తెలుగక్షరాల్లోనే రాసుకోండి. పండక్కి నన్ను తీయకపోయినా ఫరవాలేదు. ఆకలేసిన పిల్లను మాత్రం గోర్‌లోనే రొట్టె అడగనివ్వండి.