కారు చార్జింగ్ సమస్యకు అనుభవజ్ఞుల సలహాలు

ఏటూరునాగారంలో పొద్దున్నే సెల్ఫ్ కొడితే బండి టక్‌టక్‌మని ఊరుకుందా? ఆలోచించకండి, కొత్త బ్యాటరీ వేయించండి. టెర్మినల్ వదులైందేమో, లోపలి లైటు రాత్రంతా వెలిగిందేమో అని చూడటం పనిలేనివాళ్ల పని. కొత్తదీ వారంలో డౌన్ అయితే షాపువాడితో గొడవ పెట్టుకోండి. డైనమో మాట మాత్రం ఎత్తకండి.

మల్టీమీటర్‌ని గడప తొక్కనివ్వద్దు. అది ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. రాత్రంతా ఆగిన బండికి 12.6 ఓల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుండగా 14కు అటూఇటూ ఉంటే చార్జింగ్ ఎక్కుతున్నట్టు. 12 దగ్గరే ఉండిపోతే తప్పు డైనమోదో, బెల్టుదో, వైరుదో. 15 దాటిందా, రెగ్యులేటర్ పోయి బ్యాటరీ ఉడుకుతున్నట్టు. ఇదంతా రెండు నిమిషాల్లో తేలిపోతే చాయ్ హోటల్ దగ్గర నలుగురం కూడి తేల్చడానికి ఏం మిగులుతుంది?

మనకు పెద్దల పరీక్ష ఉంది: నడుస్తున్న ఇంజిన్‌కు బ్యాటరీ వైరు పీకడం. బండి ఆగకపోతే డైనమో మంచిదే. పాత డీజిల్ జీపు కరెంటు లేకున్నా నడిచేది కాబట్టి ఈ పరీక్షలో ఎప్పుడూ పాసే. ఇప్పటి కార్లలో వైరు ఊడగానే ఓల్టేజీ ఎగదన్ని డయోడ్లను, ఈసీఎంను కాల్చేయగలదు. అప్పటిదాకా అనుమానంగా ఉన్న రోగం ఇక ఖాయం!

బెల్టు కీచుమంటే సబ్బు రాయండి. జారే బెల్టు అలాగే జారుతుంది గానీ నోరు మూసుకుంటుంది. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని దసరా పూజలో మిగిలిన పసుపనుకుని వదిలేయండి. డిస్టిల్డ్ వాటర్ దండగ. బోరు నీళ్లలో బోలెడు లవణాలుంటాయి, ప్లేట్లకు బలం.

163 నంబరు హైవే మీద ములుగు నుంచి వస్తుంటే, పసర దగ్గర డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగిందనుకోండి. చార్జింగ్ ఆగిపోయింది, ఇక బ్యాటరీలో ఉన్నంతవరకే ప్రయాణమని దానర్థం. అక్కడ ఆగడం పిరికితనం. హెడ్‌లైట్లు, ఏసీ, పాటలు అన్నీ వేసుకుని తాడ్వాయి అడవిలోకి పోనివ్వండి. చీకటి పడ్డాకైతే మరీ మంచిది.

బండి ఆగాక గోదావరి ఇసుక లారీ ఏదో ఒకటి వస్తుంది. ఆపి, దాని బ్యాటరీల నుంచి వైర్లు గుంజండి. లారీది 24 ఓల్టులు, మనది 12, రెట్టింపు హుషారు. డ్రైవరన్న వద్దు వద్దంటే ఆయనకు కరెంటు ఇవ్వడం ఇష్టం లేదని అర్థం చేసుకుని, వెనకొచ్చే లారీని ఆపండి.