గడువు తీరిన విండోసు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

గడువు దీరెనయ్య కలతయేలర నీకు
ఫైలు తెరచు దారి పదిలపరచు
పేజిమేకరొకటి పెంచిన బంధమ్ము
మింటు వచ్చినంత మిగులునొక్కొ

అవతారిక. 2015 జూలై 29న అవతరించిన విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ వారు మద్దతు చాలించారు. ఎక్స్‌పీ 2014లోనూ, విండోస్ 7 2020లోనూ ఇలాగే గతించాయి. గతించి కూడా మన డీటీపీ సెంటర్లలో శుభలేఖలు వేస్తూనే ఉన్నాయి. ఇక ఏ సిస్టం వేయించాలో తోచక తల పట్టుకున్న ఆపరేటరుతో కవి ఇట్లనుచున్నాడు.

ప్రతిపదార్థం. అయ్య = ఓ ఆపరేటరూ; గడువు దీరెన్ = భద్రతా సవరణలు వచ్చు కాలము ముగిసినది; నీకు కలత ఏలర = నీకు కంగారెందుకురా; ఫైలు తెరచు దారి = పాత ఫైళ్ళు తెరుచుకొను ఉపాయమును; పదిలపరచు = ముందు భద్రము చేసికొనుము; పేజిమేకరు ఒకటి = పేజ్‌మేకరు ఒక్కటే; పెంచిన బంధమ్ము = ఇన్నేళ్ళుగా పెంచిన అనుబంధము; మింటు వచ్చినంత = లినక్స్ మింట్ వచ్చినంత మాత్రమున; మిగులున్ ఒక్కొ = మిగిలియుండునా? (ఉండదని ధ్వని.)

తాత్పర్యం. స్పష్టము. పాటించేవారు లేరు గనుక విస్తరిస్తున్నాము.

విశేషాలు. ఒకే పాదంలో 'అయ్య' అని మన్నించి 'ర' అని తూలనాడటం దోషం కాదా? కాదు. కంప్యూటరు తెరమీద వచ్చే హెచ్చరికల ధోరణి సరిగ్గా ఇదే.

గడువు తీరడమంటే యంత్రం ఆగిపోవడం కాదు. పద్నాలుగో తేదీ రాత్రి పడుకున్న సిస్టం పదిహేనో తేదీ పొద్దున యథాప్రకారం లేచింది. అయితే అటుపై బయటపడే లొసుగులకు అతుకులు పడవు. కొన్నాళ్ళకు ఒక్కొక్క సాఫ్ట్‌వేరూ సెలవు తీసుకుంటుంది. విండోస్ 7లో క్రోమ్ 109 దగ్గరే నిలిచిపోయింది. బ్రౌజరు ముఖం చాటేసిన నాడే సిస్టానికి అసలు మరణమని మా మతం.

పూర్వపక్షం: అదనపు భద్రతా సవరణల పథకం ఉన్నది కదా? ఉన్నది. ఇంట్లో వాడుకునేవారికి దానిలో మూడు మార్గాలు చెప్పారు. ముప్పై డాలర్లు చెల్లించడం ధనమార్గం. వెయ్యి రివార్డు పాయింట్లు సమర్పించడం పుణ్యమార్గం. సెట్టింగులన్నీ వారి క్లౌడుకు అప్పగించి నిశ్చింతగా ఉండటం ప్రపత్తిమార్గం. ఏ మార్గాన పోయినా ఒక్క ఏడాది ఆయువే దక్కుతుంది. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసరు కావాలి.

పద్యానికి ప్రాణం మూడో పాదం. ఆల్డస్ వారింట 1985లో పుట్టిన పేజ్‌మేకరు 1994లో అడోబీ వారి పాలైంది. ఏడో వెర్షనుతో ఆ వంశం నిలిచిపోయింది. అడోబీ వారి అభిమానం ఇన్‌డిజైన్ మీదికి మళ్ళింది, మన ప్రెస్సులవారిది మళ్ళలేదు. కారణం పేజ్‌మేకరు కాదు, దాని వెనక ఉన్న అనూ ఫాంట్లు. వాటిలో కొట్టినది యూనికోడ్ కాదు. ఫాంటు తీసేస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఇంగ్లీషు అక్షరాల గలాభాగా మారిపోతుంది. కొందరు వ్యాఖ్యాతలు "లిబ్రే ఆఫీస్ పేజ్‌మేకరు ఫైళ్ళను తెరుస్తుంది" అని వాదిస్తారు. నిజమే, 4.4 వెర్షను నుంచీ తెరుస్తున్నది. తెరుచుకున్నాక లోపల ఉన్నది అనూ సంకేతాలే. వాటిని కన్వర్టరుతో మార్చాలి, మార్చాక కూర్చుని ప్రూఫు దిద్దాలి. ఆ కూర్చోవడం గురించి ఆ వ్యాఖ్యాతలు మౌనం వహించారు.

కాబట్టి ప్రత్యామ్నాయం వెదికేవాడు 'ఏ సిస్టం మంచిది' అని మొదలుపెట్టరాదు. తాను విడువలేని సాఫ్ట్‌వేరు ఏది, దాని ఫైళ్ళు ఇంకెక్కడ తెరుచుకుంటాయి అని మొదలుపెట్టాలి. ఉత్తరాలు, లెక్కలు, ఇంటర్నెట్టు మాత్రమే పని అయినవాడికి మింట్ హాయి. పెన్‌డ్రైవు నుంచి నడిపి చూసి, నచ్చితేనే డిస్కులోకి ఎక్కించుకోవచ్చు. ఆపిల్ కీబోర్డుకు అలవాటుపడిన వేళ్ళకు లినక్స్‌లోనూ ఆ లేఅవుటు దొరుకుతుంది. ఇన్‌స్క్రిప్టు ఎలాగూ ఉంది.

పేజ్‌మేకరు వారికి మా సిద్ధాంతం ఆలయ సంప్రదాయమే. పాత విండోసు మూలవిరాట్టు. నెట్ కేబులు పీకి గర్భగుడిలో ఉంచాలి, కదల్చరాదు. మింట్ వేసిన రెండో యంత్రం ఉత్సవమూర్తి. ఈమెయిలు, బ్యాంకు, వాట్సాప్ అంటూ ఊరేగేదంతా అదే. రెంటి మధ్యా తిరిగే పెన్‌డ్రైవును మాత్రం లోపలికి తెచ్చిన ప్రతిసారీ వైరస్ పరీక్ష చేయాలి. రెండో యంత్రానికి స్తోమత లేకపోతే, ర్యామ్ చాలినంత ఉంటే, పాత విండోసును మింట్‌లోనే వర్చువల్‌బాక్స్ లోపల ప్రతిష్ఠించుకోవచ్చు.

పాఠాంతరం. ఒక ప్రతిలో నాలుగో పాదం 'మంట వచ్చినంత' అని ఉన్నది. అనుభవజ్ఞులు కొందరు ఇదే సాధువంటారు. గణాలు సరిపోతాయి గాని మకారానికి 'మి'తో యతి చెల్లదు గనుక త్రోసిపుచ్చడమైనది. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు గుడీ కొమ్మూ రాలిపోయి ఉంటాయి. ఇది లేఖక దోషం కాదు, కన్వర్టరు దోషం.